పాట గెలిచిన పెద్దమనిషి

జయకుమారి పుట్టిల్లు చిలకలూరిపేట. వాళ్ల తాత పెట్టిన బట్టల కొట్టు ఆమె చిన్నతనంలో ఇంకా నడుస్తుండేది. పాతకాలంలో మిల్లు నుంచి వచ్చే ప్రతి గుడ్డ తాను మొదట్లోనూ అరచెయ్యంత రంగుల బొమ్మ చీటీ ఒకటి అంటించి పంపేవాళ్లు. చదువురానివాళ్లు కూడా కొట్టుకొచ్చి పులిబొమ్మ గుడ్డ కావాలనో, గడియారం బొమ్మ గుడ్డ కావాలనో అడగడానికి వీలుగా ఉండేది. అమ్ముడుపోకుండా అటక మీద మిగిలిపోయిన తానులు దించినప్పుడల్లా వాళ్ల నాన్న ఆ చీటీ మీద తడిగుడ్డ పరిచి, కాసేపాగి, అంచు దగ్గర గోరుతో లేపి, చిరగకుండా ఊడదీసి ఆమె చేతికిచ్చేవాడు. మిగతా పిల్లలకి మిఠాయి ఎంతో జయకుమారికి ఆ చీటీ అంత.

కొట్టు పోయింది, నాన్నా పోయాడు. మార్టూరు పక్క పల్లెలో బుల్లయ్యకి ఆమెనిచ్చి పెళ్లి చేసినప్పుడు సామాన్లతోపాటు చీటీల రేకుపెట్టె కూడా వచ్చింది. బుల్లయ్య దాన్ని మూత తీసి చూసి, "కాగితాలా" అన్నాడు. అంతే. తర్వాత ఎప్పుడూ దాని గురించి అడగలేదు. వానొచ్చి ఇల్లు కురిసినప్పుడు బియ్యం బస్తా కంటే ముందు ఆమె ఆ పెట్టెని జరపడం చూసి మాత్రం నవ్వేవాడు.

ఆ పెట్టెలో అన్నిటికన్నా విలువైనవి దశావతారాల చీటీలు. ఒకే మిల్లు వేయించిన వరస. తొమ్మిదీ తాత కొట్లోనే దొరికాయి. కల్కి లేదు. చాలా ఏళ్ల తర్వాత వేటపాలెంలో చుట్టాల పెళ్లికెళ్లి, జాకెట్టు వదులు చేయించుకోవడానికి బుడాన్ అనే ముసలి దర్జీ దగ్గరికి పోతే, అతని కుట్టుమిషను మూత మీద కనిపించింది. తెల్లగుర్రం, ఎత్తిన కత్తి, వెనక గులాబీరంగు ఆకాశం.

"మా నాయన అంటించిందమ్మా, తీస్తే చిరుగుద్ది" అన్నాడు బుడాన్.

పెళ్లి మూడు ముళ్లూ పడేదాకా ఆమె మండపంలో కంటే ఆ దర్జీ అరుగు మీదే ఎక్కువసేపు కూర్చుంది. చివరికి అతనే, "తీసుకోమ్మా, రోజూ చూసీ చూసీ అదొకటి అక్కడున్నట్టే మర్చిపోయాను" అన్నాడు. వాళ్ల నాన్న చేసినట్టే తడిగుడ్డ పరిచి, పైటతో చెమట తుడుచుకుంటూ, వెంట్రుకవాసి కూడా చిరగకుండా తీసింది.

అలాంటివి అమ్ముకోవాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. పోయిన ఏడు మిర్చి వాళ్లని ముంచింది. ధర పెరుగుతుందని గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీ బస్తాలు చివరికి అమ్మితే, కోత కూలీ డబ్బులూ, స్టోరేజీ అద్దె కూడా పూర్తిగా తీరలేదు. బుల్లయ్య ఇంట్లో మాట్లాడటం తగ్గించేశాడు. గుంటూరులో ల్యాబులో పనిచేసే కూతురు శ్రీరమ్య ఒక ఆదివారం వచ్చి, తల్లిని ఫోన్లో ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చింది. పాత వస్తువులు పోగుచేసేవాళ్ల గ్రూపు అది. విజయవాడలో ఉండే అష్రఫ్ అనే అతను నడుపుతాడు. ఆదివారం పొద్దున వస్తువు ఫోటో పెడితే సాయంత్రందాకా వేలం. ఎవరు ఎక్కువ పాడితే వాళ్లు డబ్బు పంపాలి, వచ్చాక పార్శిల్ చేయాలి.

"ఈ కాగితాలకి డబ్బులిచ్చేవాడెవడే" అన్నాడు బుల్లయ్య.

ఇచ్చారు. మొదట పెట్టిన పులివేట చీటీని బెంగుళూరు ఆయన ఎవరో పాడుకుని, ఆ పూటే డబ్బు పంపాడు. జయకుమారి దాన్ని రెండు అట్టల మధ్య పెట్టి, ప్లాస్టిక్ కవరు చుట్టి, పోస్టాఫీసుకి పోయి రిజిస్టరు చేసి వచ్చింది. ఆ తర్వాత నుంచి గ్రూపు అసలు రంగు బయటపడింది. ఒకడు పాడుకుని, రేపు రేపని నెలంతా తిప్పి, చివరికి సగం ధరకిస్తావా అని అడిగాడు. ఇంకొకడు మా పాప ఫోన్‌తో ఆడుకుంటూ నొక్కేసిందన్నాడు. ఒకావిడ పాట గెలిచిన రోజు చీటీ బొమ్మని తన ఫోటోగా పెట్టుకుని, డబ్బు మాటెత్తగానే మాయమైపోయింది. వాళ్లు కట్టరు. వాళ్లకంటే కొంచెం తక్కువ పాడినవాళ్లు ఈలోపు వేరేది కొనుక్కుని పోతారు. చీటీ మాత్రం పార్శిల్ కట్టి గూట్లో ఉంటుంది, అట్టల మధ్య ఊపిరాడక.

అయినా వచ్చిందే చాలనుకుంది. వచ్చిన దాంతో కరెంటు బిల్లు కట్టిన రోజు బుల్లయ్య పెట్టె వైపు ఇంకోలా చూశాడు.

ఉగాది వెళ్లాక దశావతారాలు పెడదామని ఆమే అంది. బుల్లయ్య ఆ ఏడు కౌలు కోసం తిరుగుతున్నాడు. ఎప్పుడూ చేసే చెలక ఉంది, కౌలు తక్కువ, నీళ్లు లేవు. కాలవ పక్కన రాజరాజేశ్వరి గారనే టీచరమ్మ పొలం ఉంది, నల్లరేగడి, కౌలు ఎక్కువ, ముందే కట్టాలి. ఆ పొలం గట్టు మీద నిలబడి చూసొచ్చి, అన్నం కలుపుకుంటూ దాని గురించే చెప్పేవాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం బుల్లయ్య పొలం పోలేదు. మంచం మీద ఆమె పక్కన కూర్చుని ఫోన్లోకి తొంగిచూశాడు. పాట మెల్లగా మొదలై, సాయంత్రం అయ్యేసరికి ఇద్దరి మధ్యే నిలిచింది. ఒకరు క్రిస్టీనా గారు, హైదరాబాదులో పాత బట్టల మీద పరిశోధన చేసే ఆవిడ. రెండో ఆయన దర్శి ఊళ్లో ఉండే లక్ష్మీనరసింహం గారు. ఆయన పేరు గ్రూపులో అందరికీ తెలుసు, చాలా పాటలు గెలిచిన మనిషి. ఆవిడ వెయ్యి పెంచితే ఆయన రెండు వేలు పెంచేవాడు. బుల్లయ్య ఒకప్పుడు పొగాకు వేసి ఒంగోలు వేలం కేంద్రానికి బేళ్లు తోలినవాడు. ఆ ఊపు గుర్తొచ్చి ప్రతి అంకెనీ గొంతెత్తి చదవసాగాడు.

"పాడవే తల్లీ, ఇంకొక్కటి పాడు" అన్నాడు కనిపించని క్రిస్టీనా గారితో.

జయకుమారికి నవ్వాగలేదు. ఇన్నేళ్ల కాపురంలో వాళ్లిద్దరూ కలిసి ఒకే వస్తువు వైపు చూడటం అరుదు. అరవై వేలు దాటాక బుల్లయ్య లేచివెళ్లి టీ పెట్టి తెచ్చాడు. పంచదార మర్చిపోయాడు. ఆమె ఆ టీ అలాగే తాగింది. అయిదు కొట్టేసరికి పాట లక్ష్మీనరసింహం గారి దగ్గర ఆగింది. గ్రూపంతా చప్పట్ల బొమ్మలు. ఆయన, "ఆడపడుచు చేతిలో ఇన్నాళ్లు భద్రంగా ఉన్న నిధి. పార్శిల్ సిద్ధం చేయండమ్మా" అని రాసి, తన చిరునామా పంపాడు.

బుల్లయ్య చొక్కా వేసుకుని బయటికి వెళ్లాడు. చీకటి పడకముందే తిరిగొచ్చి, కాలవ పక్క పొలం మాట్లాడేశానన్నాడు. చెలక వదిలేసుకున్నానని దాని ఆసామికి చెప్పేశాడు కూడా.

"డబ్బు రానివ్వాల్సిందేమో" అంది జయకుమారి.

"అంత పెద్దమనిషి మాట తప్పుతాడా? నువ్వే చదివావుగా, నిధి అన్నాడు."

మొదటి వారం బ్యాంకుకి సెలవులన్నారు. రెండో వారం మనవరాలి పుట్టినరోజన్నారు. తర్వాత ఆమె పెట్టిన మెసేజీలు చదివినట్టు నీలం గీతలు పడేవి, జవాబు వచ్చేది కాదు. ఆ నీలం గీతలు చూస్తే ఆమెకి ఒళ్లు మండేది. తలుపు వెనక మనిషి ఉండి, ఉన్నట్టు మనకి తెలిసేలా దగ్గి, తలుపు తీయనట్టుంటుంది. అష్రఫ్‌కి ఫోన్ చేస్తే, "పెద్దాయన మేడమ్, ఇస్తార్లెండి, ఒత్తిడి చేయకండి" అన్నాడు.

టీచరమ్మ రెండుసార్లు కబురు పెట్టింది. మూడోసారి కబురు పెట్టలేదు, పొలం ఇంకొకళ్లకిచ్చేసింది. బుల్లయ్య చెలక ఆసామి దగ్గరికి పరిగెత్తాడు. అదీ అప్పటికే మారిపోయింది.

ఇక గతిలేక జయకుమారి క్రిస్టీనా గారికి ఫోన్ చేసింది. పాడిన పెద్దాయన కట్టడం లేదండీ, మీరు ఆఖరున పాడిన ధరకే మీకిస్తాను అంది.

"జయకుమారి గారూ, ఏమీ అనుకోకండి" అంది క్రిస్టీనా. "ఇలాంటివి నేను చాలా చూశాను. మన మనిషినే ఒకణ్ణి పెట్టి ధర పెంచించడం, అవతలివాళ్లు ఎంతదాకా వస్తారో చూడటం, తర్వాత ఆయన కట్టలేదని మనకి ఫోన్ చేయడం. ఆయన లేకపోతే నాకు ఆ సెట్ సగం ధరకి వచ్చేది."

"ఆయనెవరో నాకు తెలియదండీ. మొహం కూడా చూడలేదు."

"అందరూ అదే అంటారు" అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు క్రిస్టీనా ఆ సంగతి గ్రూపులో రాసింది. జయకుమారి పేరు రాయలేదు గానీ చీటీల ఫోటో పెట్టింది. సాయంత్రానికి జయకుమారి ఫోన్లోంచి గ్రూపు పోయింది. అష్రఫ్ ఫోన్ ఎత్తలేదు. తను ఎవరినీ మోసం చేయలేదని చెప్పుకోవడానికి ఆమెకి ఒక్క మనిషి కూడా మిగల్లేదు. అందరూ ఆ తలుపు లోపలే ఉన్నారు.

పార్శిల్ మీద తను రాసిన చిరునామా చూసుకుని, "దర్శి పోదాం పద" అంది మొగుడితో.

కురిచేడు రోడ్డులో ఇల్లు. రెండంతస్తులు, వరండా అంతా పాలరాయి. లోపలి నుంచి కోడలు శ్రీదుర్గ వచ్చి, పేరు విని, విసుగ్గా పక్కకి జరిగింది. వరండాలో పేము కుర్చీలో ముసలాయన, ఉతికిన బనీను, ఎదురుగా స్టాండుకి పెట్టిన ఫోన్.

"ఎవరమ్మా?"

"జయకుమారినండీ. దశావతారాల చీటీలు."

ఆయన సిగ్గుపడతాడనీ, తడబడతాడనీ దారంతా అనుకుంటూ వచ్చింది. ఆయన మొహం వెలిగింది.

"మీరేనా అమ్మా? రండి, కూర్చోండి. ఆ రోజు ఎంత మంచి పాట నడిచింది. ఆ క్రిస్టీనా గారు గట్టి మనిషి. చివర్లో ఆవిడ ఒక్కసారి ఆగింది చూశారూ, అప్పుడే నాకర్థమైంది ఇక లేవదని."

జయకుమారి కుర్చీలో కూర్చుంది. పక్కకి చూస్తే బుల్లయ్య కూర్చోలేదు. ఆయన వంకే తేరిపార చూస్తున్నాడు. ఊళ్లో బయల్దేరినప్పుడు, "గల్లా పట్టుకుని అడుగుతా" అన్న మనిషి చేతులు రెండూ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"నమస్కారం సార్. తమరు ఒంగోలు వేలం కేంద్రంలో కంపెనీ బయ్యరుగా చేశారు కదండీ?"

"చేశానయ్యా, ముప్పయ్యేళ్లు. నీదే ఊరు?"

"మార్టూరు దగ్గర సార్. నేను పొగాకు వేసిన రోజుల్లో నా బేళ్లు తమరే కొన్నారు. ఒక ఏడు వద్దన్నారు కూడా."

"వద్దన్నానంటే ఆకులో తేడా ఉండుంటుంది" అన్నాడు ముసలాయన తృప్తిగా.

"ఉండే ఉంటుంది సార్" అని బుల్లయ్య మెట్టు మీద కూర్చున్నాడు. పక్కన ఖాళీ కుర్చీ ఉండగానే.

ముసలాయన చీటీలు తెచ్చారా అని అడిగాడు. ఆమె పార్శిల్ విప్పి ఇచ్చింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, చేతులు పంచెకి రుద్దుకుని, ఒక్కొక్కటే అంచులు పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. వామనుడి గొడుగు మీద బంగారు పొడి ఇంకా నిలిచి ఉందన్నాడు. కల్కి దగ్గర చాలాసేపు ఆగాడు. "ఈ గులాబీరంగు ఫోటోలో పడలేదమ్మా" అన్నాడు. ఆ మాట నిజం. ఎన్ని ఫోటోలు తీసినా ఆ రంగు రాలేదని ఆమె ఒక్కతే బాధపడింది. ఇన్ని నెలల్లో చీటీలని చూడవలసినట్టు చూసిన మనిషి ఈయనే. అది ఆమె కోపాన్ని ఇంకా పెంచింది.

చూడటం అయ్యాక వరస తప్పకుండా పేర్చి, ఆమె చేతికే తిరిగిచ్చాడు. "జాగ్రత్తమ్మా, చెమ్మ తగలనివ్వకండి."

"మరి డబ్బండీ?"

అనరాని మాటేదో అన్నట్టు ఆమె వైపు చూశాడాయన.

"మీరు కొంటారనే కదండీ పాడింది" అంది.

"ముప్పయ్యేళ్లు పాడానమ్మా నేను. అందులో నా రూపాయి ఒక్కటి లేదు. పాడటం నా పని, కట్టడం కంపెనీ పని. నేను తలూపితే వేలం ఫ్లోరంతా నా వెనక నడిచేది. రిటైరయ్యాక ఈ ఇంట్లో కాఫీలో పంచదార ఎంతో కూడా నా మాట చెల్లదు. ఆ గ్రూపులో నేనొక అంకె పెడితే అందరూ ఆగి చూస్తారు. అంతకంటే నాకేం కావాలి చెప్పండి?"

"మరి మా సంగతి?"

"మీకు నష్టమేముంది? ఆవిడకే ఇచ్చేయండి. నావల్లే కదా ధర అంత పైకి పోయింది."

ఆమె చెప్పింది. క్రిస్టీనా గారు తనని దొంగ అన్నదీ, అష్రఫ్ గ్రూపులోంచి తీసేసిందీ, ఈయన మాట నమ్మి రెండు పొలాలూ పోగొట్టుకున్నదీ. గొంతు పైకి లేవకుండా ఉండటానికి కుర్చీ చేయి గట్టిగా పట్టుకుంది. ఆయన శ్రద్ధగానే విన్నాడు. అయ్యో అన్నాడు. "అష్రఫ్‌తో నేను చెప్తాలెండి, నా మాట కాదనడు" అన్నాడు. ఆ మాటంటున్నప్పుడు ఆయన వెన్ను నిటారుగా అయింది.

గుమ్మంలోంచి శ్రీదుర్గ, "ఇలా ఇంటికొచ్చింది మీరే మొదలు కాదండీ" అంది. "పెన్షన్ ఏటీఎం కార్డు మా ఆయన తన దగ్గరే పెట్టుకున్నారు. ఈయన చేతిలో పైసా ఉండదు. ఫోన్ తీసేసుకుంటే అన్నం మానేస్తారు. ఏం చేయమంటారు మమ్మల్ని?"

"ఆ సంగతి గ్రూపులో వాళ్లకి చెప్పొచ్చుగా అమ్మా."

"చెప్తే మా పరువేం కావాలి?" అని లోపలికి పోయి, నోట్లు కొన్ని మడిచి తెచ్చింది. "ఇంత దూరం వచ్చారు, బస్సు ఛార్జీలకి ఉంచండి."

"అక్కర్లేదు" అంది జయకుమారి లేస్తూ.

బుల్లయ్య చేయి చాపి తీసుకున్నాడు. "సరేనమ్మా" అన్నాడు. మెట్లు దిగాక వెనక్కి తిరిగి, "వస్తాను సార్" అని దణ్ణం కూడా పెట్టాడు.

బస్సు కదిలింది. ఆమె ఆగలేకపోయింది. "ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నావేంటయ్యా?"

"నువ్వు కుర్చీలో కూర్చున్నావుగా, ఏమొచ్చింది?" అన్నాడు బుల్లయ్య కిటికీలోంచి చూస్తూ.

ఆమె ఒళ్లో పార్శిల్ పెట్టుకుని, ఊరొచ్చేదాకా దాని తాడు ముడి వేస్తూ విప్పుతూ కూర్చుంది.

అష్రఫ్ నాలుగు రోజులకి ఫోన్ చేశాడు. "పెద్దాయన చెప్పారు మేడమ్, మీ తప్పేం లేదని. మిమ్మల్ని మళ్లీ చేర్చుకుంటాను."

"నా తప్పు లేదని గ్రూపులో రాస్తారా?"

అతను నసిగాడు. "అలా రాస్తే ఆయన సంగతి కూడా రాయాలి కదా. ఆయన దిగకపోతే పాట ఊపందుకోదు మేడమ్. నలుగురు చూడటానికి వచ్చేది ఆయన వల్లే."

"కట్టడని మీకు ముందే తెలుసా?"

"అన్నీ కట్టకుండా ఉండరు" అన్నాడు అష్రఫ్. ఆమె ఫోన్ కట్ చేసింది. మళ్లీ చేరమని వచ్చిన మెసేజీని తీసేసింది. క్రిస్టీనా గారికి జరిగిందంతా వివరంగా రాసి పంపింది. ఒక్క గీతే పడింది. ఆవిడ ఆమె నంబరు ఆపేసినట్టుంది.

గుంటూరులో పాత వస్తువులు కొని హోటళ్లకి అమ్మే సాయికౌశిక్ అనే కుర్రవ్యాపారి ఉన్నాడని శ్రీరమ్య చెప్పింది. జయకుమారి రేకుపెట్టె మొత్తం పట్టుకుపోయింది. అతను దశావతారాలని పేకముక్కలు పంచినట్టు బల్ల మీద పరిచాడు. నెల్లూరు వైపు హైవే మీద కొత్త హోటలు వస్తోందనీ, భోజనాల హాల్లో ఫ్రేములు కట్టించి పెడతామనీ అన్నాడు. కల్కి ఒక్కటే కొంచెం పెద్దదిగా ఉంది, ఫ్రేము కొలతకి అంచు తీయాల్సి వస్తుందన్నాడు.

"అంచు కోస్తే మిల్లు పేరు పోతుంది బాబూ" అంది.

"తినేవాళ్లు మిల్లు పేరు చదువుతారా ఆంటీ?"

అతను ఇస్తానన్నది ఆ ఆదివారం పలికిన దాంట్లో మూడోవంతు కూడా కాదు. కానీ ఇస్తానన్నది బల్ల మీద పెట్టి ఇచ్చాడు. అంచు మాట ఆమె ఇంకోసారి ఎత్తలేదు. మిగతా చీటీలూ అతనే తీసుకున్నాడు; ఖాళీ పెట్టె కూడా పాతదే, కొంటానన్నాడతను. ఇచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి బుల్లయ్య బయల్దేరుతున్నాడు. గణపవరం రోడ్డు మీద స్పిన్నింగ్ మిల్లులో గేటు దగ్గర పని చూసుకున్నాడు ఆ నెలే. ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్న మనిషి ముందు ఆమె డబ్బు పెట్టింది.

"మొత్తం అమ్మేశాను. ఎవరిదైనా చిన్న పొలం చెక్క కౌలుకి దొరుకుద్దేమో చూడు. పత్తికి ఇంకా అదునుంది."

అతను ఆ నోట్ల వైపు చూశాడు గానీ తాకలేదు. ఎంతని అడగలేదు. ఎవరికమ్మావని కూడా అడగలేదు. తిట్టినా బాగుండేది. నీ కాగితాల్ని నమ్ముకుని ఉన్న పొలం వదులుకున్నానని ఒక్కసారి అరిచినా, ఆమె కూడా అరిచి, ఆ మెట్టు సంగతీ, ఆ బస్సు ఛార్జీల సంగతీ ఎత్తి, ఇద్దరూ ఏడ్చి ఊరుకునేవాళ్లేమో.

"నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు మామూలుగా. మోపెడ్ బయటికి తోసి, తొక్కి, ఎక్కి వెళ్లిపోయాడు.

ఆమె డబ్బు తీసి బియ్యం డబ్బాలో పెట్టింది. మిల్లులో అతనికి ఆదివారం సెలవు ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాడు, అన్నం తిని, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. టీ వేళకి ఆమె పెట్టి ఇస్తే లేచి తాగుతాడు.